రిలీఫ్ వాల్వ్

మంగాఫ్‌లో మా కిటికీలోంచి చూస్తే
రెండు బిల్డింగుల సందులో రిఫైనరీ మంట.
రాత్రంతా మండుతుంది,
ఎవరూ ఎత్తుకోకపోయినా ఏడవదు.

నేను పనిచేసేది అక్కడే.
ఏ పైపులో ఎంత ఒత్తిడో
ముల్లు చూసి చెప్పేస్తా.
ఎర్రగీత దాటితే వాల్వు తిప్పుతా,
బుస్సుమని పోతుంది,
రిజిస్టర్లో సంతకం పెడతా.
పదకొండేళ్లలో ఒక్క పొరపాటు లేదు.

ఇంట్లో ఇరవై మూడు రోజుల వాడు
పిడికిళ్లు బిగించి, కాళ్లు పొట్టలోకి ముడిచి
పండుమిరప రంగుకు తిరిగి
ముక్కుతాడు, మూలుగుతాడు,
తుప్పుపట్టిన తలుపు కిర్రుమన్నట్టు
దూడ తల్లిని పిలిచినట్టు
ఇసుకలో దిగబడ్డ లారీ రివర్స్ తీసినట్టు.
ఇంత చిన్న మనిషిలో ఇన్ని చప్పుళ్లు
ఎక్కడ సర్దుకున్నాయో.
ముల్లు లేదు. వాల్వు లేదు.

రాత్రి రెండు.
పుల్లంపేటలో నాలుగున్నర, మా అమ్మ
అప్పటికే ఫోన్లో తయారు.
"వాము నీళ్లు పట్టు రా, ఒక్క చుక్క."
పాలు తప్ప ఏమీ వద్దంది డాక్టరమ్మ.
"ఆమెకు ఎంతమంది పిల్లోళ్లు?"
అడగలేదమ్మా.
"మరి అడుగు."

చివరికి సంధి కుదిరింది:
బొడ్డు చుట్టూ ఇంగువ పట్టు.
గదంతా సాంబారు వాసన.
వేణి నవ్వబోయింది.
కుట్లు లాగినట్టున్నాయి, పెదవి కొరుక్కుంది.

మూడో రాత్రి గోడ మోగింది.
అవతల ఈజిప్టు వాళ్లు,
చెప్పుతో కొట్టారో గరిటెతో కొట్టారో.
చప్పుడులో చప్పుడు కలుస్తుందని ఏసీ పెంచాం.
వాడు ఏసీని గెలిచాడు.
వాణ్ని భుజానేసుకుని
బాత్రూములో కుళాయి తిప్పి నిలబడ్డా.
సముద్రంలోంచి ఉప్పు తీసి
అంత కష్టపడి పంపిన నీళ్లు
వాడి ఏడుపు వినపడకుండా పారబోశా.

ఐదో రాత్రి తలుపు మోగింది.
క్షమించమనే అరబీ మాట వెతుక్కుంటూ తీశా.
గౌను మీద శాలువా, చేతిలో పొగలు కక్కే గ్లాసు,
ఉమ్ కరీం.
సోపులాంటి వాసన, కానీ సోపు కాదు.
తల్లికి, అన్నట్టు వేణి వైపు చూపించింది.
వాణ్ని బోర్లా తన ముంజేతి మీద వేసుకుంది,
కొమ్మ మీద తొండ పడుకున్నట్టు.
"మగస్" అంది.
"కడుపుబ్బరం" అంది ఫోన్లోంచి మా అమ్మ.
ఇద్దరూ తలలూపుకున్నారు.
పదడుగుల గదిలో అరగంట నడిచింది.
వాడు ఊరుకోలేదు.
వెళ్తూ "బుక్రా" అంది, రేపు అని.
ఏ రేపో చెప్పలేదు.
నిన్న మళ్లీ గోడ మోగింది.
అది ఆమె మొగుడనుకుంటా.

వీడి పేగులు ఇంకా పని నేర్చుకుంటున్నాయంట,
డాక్టరమ్మ చెప్పింది.
నేను కూడా మొదటి నెల
ఏ చక్రం ఎటు తిప్పాలో తెలియక
హెల్మెట్లో చెమటలు కక్కినవాణ్నే.
కాకపోతే నన్నెవరూ గోడ కొట్టి అడగలేదు.

మూడు నలభై.
వేణి కూర్చున్నచోటే నిద్రపోయింది,
చెయ్యి మాత్రం ఇంకా
వాడు లేని చోట వీపు నిమురుతోంది.
మంచం ఇవతల నేను వాడి కాళ్లు పట్టుకుని
సైకిలు తొక్కిస్తున్నా.
రాజంపేట దాటాం. చెయ్యేరు దాటాం.
ఎదురుగాలి, ఎత్తు.

అప్పుడొచ్చింది.
చిన్నది. పాత స్కూటరు స్టార్టవబోయి ఆగినట్టు.
వెనకే ఇంకోటి,
ఇది వీడిదేనా అని కిందికి వంగి చూశా.
వాడూ ఆశ్చర్యపోయినట్టున్నాడు,
కనుబొమ్మలు లేపి
నన్నే అనుమానంగా చూశాడు.

ఒక్కొక్క కాలే చాపాడు.
పిడికిలి విప్పాడు.
లోపల దుప్పటి నూలుపోగొకటి, చెమటకు తడిసి,
ఎప్పట్నుంచి దాచుకున్నాడో.

ఆరింటికి కంపెనీ బస్సు.
కిందికి దించితే లేస్తాడని
ఎదమీదే పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డా.
మంట అక్కడే ఉంది.
అలవాటు కొద్దీ సంతకానికి చెయ్యి లాగింది.
రెండు చేతులూ ఖాళీ లేవు.